ఆవపిండి రంగు కోటు

మా అక్కను దుకాణంలో అందరూ నిక్కచ్చి మేడమ్ అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? బట్టల దుకాణంలో పనిచేసే మనిషి నోట్లో ఎప్పుడూ నానుతూ ఉండాల్సిన మాట "బాగుంది". మా అక్క నోట ఆ మాట రావాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది.

మాది ఆఫీసు బట్టల అంతస్తు. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లూ మగవాళ్లూ వేసుకునే కోట్లు, ప్యాంట్లు, చొక్కాలు తప్ప అక్కడ ఇంకేమీ ఉండవు. అక్క పని సలహా చెప్పడం. వచ్చినవాళ్ల ఒడ్డూ పొడుగూ, ఒంటి రంగూ, చేసే ఉద్యోగమూ చూసి, రాబోయే కాలానికి ఏం కొనుక్కోవాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పాలి. నాది వెనకాల చిన్న గదిలో కుట్టుమిషను. పొడుగు తగ్గించడం, నడుము బిగించడం, బొత్తాలు మార్చడం. నా గదికి తలుపు లేదు, తెర ఒకటి వేలాడుతుంది. తెరకు అవతల ట్రయల్ రూములు. కాబట్టి అక్క మాట ప్రతిదీ నా చెవిన పడుతుంది. ఇరవై ఏళ్లకు పైగా పడుతూనే ఉంది. నా చెవులకు చిల్లులు పడలేదంటే అది నా అదృష్టం.

"భుజం కుట్టు మీ భుజం మీద ఉండాలి సార్, మోచేతికి దారి వెతుక్కోకూడదు. మీ అన్నగారి కోటు వేసుకొచ్చారనుకుంటారు."

"ఎండాకాలమంతా ఆ దళసరి ప్యాంటుతోనే తిరిగారా? మీ ఆఫీసులో ఏసీ ఉంది సరే, బస్సులో ఉందా? నార బట్ట తీసుకోండి. నలుగుతుందా, నలగనివ్వండి. చెమట మరక కంటే ముడత మర్యాదగా ఉంటుంది."

"చలికాలానికి మీకు మూడు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు, ఒక మంచి కోటు చాలమ్మా. ఆ చేతిలో ఉన్నవన్నీ అక్కడ పెట్టేయండి. విడివిడిగా ముద్దొస్తాయి, ఒకదాని పక్కన ఒకటి పెడితే కొట్టుకుంటాయి."

కొందామని తీసిన బట్టలు కొనేవాళ్ల చేతే కింద పెట్టించే మనిషిని ఏ దుకాణం భరిస్తుంది? మాది భరించింది. ఎందుకంటే అలా కింద పెట్టినవాళ్లే కాలం మారగానే అక్కను వెతుక్కుంటూ మళ్లీ వచ్చేవాళ్లు. లాయర్లు, లెక్చరర్లు, డాక్టర్లు. బ్యాంకు మేడమ్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. గుమస్తాగా కౌంటర్లో కూర్చున్ననాటి నుంచి మేనేజరు అయ్యేదాకా ఆవిడ అక్క చెప్పిన చొక్కా తప్ప ఒంటికి తగిలించుకోలేదు. "నీ మాట మీదే నేను ఇంత దూరం వచ్చాను" అనేది నవ్వుతూ. నవ్వుతూ అన్నా నిజంగానే అనేది.

అక్క కాళ్లు మాత్రం చెడ్డాయి. అంతస్తు మీద పనిచేసేవాళ్లు కూర్చోకూడదని దుకాణం పద్ధతి. ఇంటికొచ్చాక అక్క పిక్కలు చూస్తే నీలం నరాలు ఉబ్బి, తాళ్లు చుట్టినట్టుండేవి. నేను నూనె రాస్తూ తిడుతుంటే, "ఇంకెన్నాళ్లే, ఆ గది నాకొస్తుంది కదా" అనేది.

ఆ గది అంటే ఇన్‌చార్జి గది. మా పాత ఇన్‌చార్జి పెద్దాయన రిటైరవబోతూ, నా తరవాత ఈ కుర్చీ నీదేనమ్మా అని పదిమందిలో అన్నాడు. అక్క నమ్మింది. మా ఇంట్లో ఆశపడే హక్కు ఎప్పుడూ నాదే. సంబంధాలు చూసిందీ నాకే, ఆ మొగుడితో పడక నేను తిరిగొస్తే మళ్లీ చేరదీసిందీ అక్కే. తనకంటూ అక్క అడిగింది ఆ ఒక్క కుర్చీ. కాళ్లు చాపుకుని, పదిమందికి పని నేర్పుతూ, ఉద్యోగంలో మిగిలిన నాలుగేళ్లూ గడిపేద్దామని.

అంతలో పెద్ద యజమాని మంచం పట్టాడు, కొడుకు వచ్చి కూర్చున్నాడు. చిన్న యజమాని అంటాం. వచ్చీరాగానే ఆయన చేసిన మొదటి ఘనకార్యం కోట్లు తెప్పించడం. ఎక్కడో చూసి మోజుపడ్డాడట. దళసరి ఉన్ని, భుజాలు జారిపోయి, ఒక మనిషిలో ఇద్దరు పట్టేంత వెడల్పు. రంగు ఆవపిండి రంగు. పసుపూ కాదు, గోధుమా కాదు, ఆ రెండూ పోట్లాడుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆఫీసుకు వేసుకెళ్లే బట్టా అది? ఆ చలికాలమంతా వాటిని ఎవరు తీసినా వాళ్ల చేతిలోంచి అక్క లాక్కుని కొక్కేనికి తగిలించేసేది. "అది కోటు కాదు సార్, దుప్పటికి బొత్తాలు కుట్టారు." అంతస్తంతా ఒకటే నవ్వు. చలికాలం అయిపోయేసరికి కోట్లన్నీ కట్టలు కట్టలుగా గోదాములోకి దిగిపోయాయి. చిన్న యజమాని మొహం కూడా వాటితోపాటే దిగిపోయింది.

పాత ఇన్‌చార్జి రిటైరై వెళ్లిపోయాక, ఆ పోస్టుకు ఎవరైనా రావచ్చు, అందరినీ పిలిచి మాట్లాడి చూస్తాను అన్నాడు చిన్న యజమాని. ఇద్దరే ముందుకొచ్చారు. ఒకరు మా అక్క. ఇంకొకరు కింద అంతస్తులో అత్తర్ల కౌంటరు దగ్గర నిలబడే అమ్మాయి. దాన్ని సెంట్ల పిల్ల అంటాం. పిల్ల అంటే ముప్పై ఉంటాయి లెండి. పొట్టి, చామనఛాయ, చురుకైన కళ్లు. వచ్చేపోయేవాళ్ల మణికట్టు మీద చుక్క వేసి నవ్వడం దాని పని.

పిలుపు ఎండలు మండిపోతున్న వారంలో వచ్చింది. రెండు రోజుల ముందు, మధ్యాహ్నం పూట అంతస్తు ఖాళీగా ఉన్నప్పుడు, ఆ పిల్ల మెట్లెక్కి మా అక్క దగ్గరకే వచ్చింది.

"అక్కా, ఎల్లుండి ఏం వేసుకుని వెళ్లమంటావు?"

తెర చాటున నా మిషను ఆగిపోయింది.

"నేను కూడా వెళ్తున్నానని తెలుసా నీకు?" అంది అక్క.

"తెలుసు. అయినా నిన్ను కాక ఎవరిని అడగను? నువ్వు పగవాడికైనా తప్పు సలహా చెప్పవంటారు కదా."

తెర సందులోంచి చూశాను. అక్క దాన్ని పైనుంచి కిందికి చూస్తోంది, కొనడానికి వచ్చిన ప్రతివాళ్లనూ చూసినట్టే. ఆ పిల్లకు ఏం నప్పుతుందో నాకే తెలుసు, అక్కకు తెలియదా? లేత నీలం చొక్కా, నడుముకు పట్టే పల్చటి కోటు, నేలను తాకీ తాకని ముదురు రంగు ప్యాంటు. పొట్టి పిల్ల పొడుగ్గా కనిపిస్తుంది, ఎండలో చల్లగా ఉంటుంది.

"ఉండు, కిందకెళ్లి వస్తాను" అని అక్క గోదాములోకి దిగింది. తిరిగొచ్చేటప్పుడు చేతి మీద ఆవపిండి రంగు కోటు ఉంది.

ఆ కోటు వేయించి, లోపల ఆకుపచ్చ చొక్కా వేయించి, మడమల పైకి ఎక్కిపోయే ప్యాంటు వేయించింది. ఎవరికి ఏ బట్ట వేయించినా కూర్చోబెట్టి, లేపి, నడిపించి చూడనిదే ఊరుకోని మనిషి, ఆ రోజు దాన్ని అద్దం వైపైనా తిప్పలేదు. "రాబోయే చలికాలానికి ఇదే. పైవాళ్లు ముందుచూపు ఉన్నవాళ్లను ఇష్టపడతారు" అంది. ఆ పిల్ల దండం పెట్టినంత పని చేసి, బట్టలు మడిచి పట్టుకెళ్లింది.

అది మెట్లు దిగగానే నేను బయటికొచ్చాను.

"ఏం పనే ఇది?"

"నోరు మూసుకుని కుట్టుకో."

"ఆ కోటు వేసుకుని వెళ్తే దాన్ని చూసి నవ్వుతారు."

"నవ్వడం ఒక్కటే కాదు. ఆ కోటు కంటపడితే చిన్న యజమానికి కడుపు మండుతుంది. పోయిన సరుకంతా గుర్తొస్తుంది. దాన్ని కూర్చోమని కూడా అనడు."

"దాని మొహం చూసి చెప్పలేకపోయావా, నేను చెప్పను, ఇంకెవరినైనా అడుగు అని?"

అక్క అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇరవై ఏళ్లుగా ముక్కూ మొహం తెలియని వాళ్లందరినీ పై మెట్టు ఎక్కించాను. ఒక్కసారి నా కోసం ఒకరిని కింద ఉంచితే తప్పా?" అంది. తప్పే అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక కాళ్లకు నూనె రాస్తానంటే వద్దంది.

పిలిచిన రోజున అక్కను చూడాలి మీరు. బూడిద రంగు పల్చటి కోటు, తెల్ల చొక్కా, చిన్న గడియారం. ఒక్క ముడత లేదు, ఒక్క దారం లేదు. ఆ కోటు నడుము నేనే బిగించాను, కోపంగానే బిగించాను, అయినా ఎంత బాగా కుదిరిందో. చిన్న యజమాని గదిలోకి వెళ్లి ఒక కాఫీ తాగేంత సేపట్లో బయటికొచ్చేసింది. "మీరు ఎప్పట్లాగే చక్కగా ఉన్నారు అన్నాడే" అని చెప్పింది. మంచి మాటే కదా అనుకున్నాను. అక్క వెనకే సెంట్ల పిల్ల వెళ్లింది. అంత ఎండలో ఆ ఉన్ని కోటుతో, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. అది లోపలే ఉండిపోయింది. ఎంతకీ రాదు. లోపలి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. దాన్ని చూసి నవ్వుతున్నారనుకున్నాం మేము, పిచ్చిమొహాలం.

సాయంత్రం అందరినీ మా అంతస్తు మీదకు పిలిచారు. చిన్న యజమాని సెంట్ల పిల్ల భుజం మీద చెయ్యేసి ముందుకు తీసుకొచ్చాడు. కోటు ఇంకా దాని ఒంటి మీదే ఉంది.

"చూడండి ఈ అమ్మాయిని" అన్నాడు. "ఈ కోటు తెప్పించినప్పుడు మీరంతా నవ్వారు. నాకు తెలుసు. నేను ఏం చూశానో ఈ అమ్మాయి ఒక్కతే చూసింది. వచ్చే చలికాలం మన అద్దాల కిటికీ నిండా ఇదే. ఇకమీదట ఈ అంతస్తుకు ఇన్‌చార్జి కూడా ఈమే."

అక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వేళ్లు ఒకదాన్నొకటి పిండుకోవడం వెనకాల ఉన్న నాకు మాత్రమే కనిపించింది. అంతటితో అయిపోయినా బాగుండేది. ఆ పిల్ల గొంతు సవరించుకుని, "ఇందులో నా గొప్ప ఏమీ లేదు సార్. ఇది వేసుకోమని చెప్పింది అక్కే. తనూ అదే పోస్టుకు వస్తూ నాకు సలహా చెప్పింది. అంత మంచి మనిషిని నేను చూడలేదు" అంది.

చప్పట్లు కొట్టారు. చిన్న యజమాని వచ్చి అక్క చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇన్నాళ్లూ ఈ కోటును మీరే ఆడిపోసుకున్నారని విన్నాను. నేనే పొరపాటు పడ్డానన్నమాట" అన్నాడు. తేలు కుట్టిన దొంగ ఏం చేస్తాడు? నవ్వుతాడు. అక్కా నవ్వింది.

చలికాలం వచ్చింది. గోదాము తలుపులు తెరిచారు. కిటికీలో బొమ్మలన్నీ ఆవపిండి రంగులోకి మారాయి. పొద్దున్నే ఇన్‌చార్జి వచ్చి, "అక్కా, వచ్చిన ప్రతివాళ్లకూ ముందు ఇదే చూపించు" అని చెప్పి తన గదిలోకి వెళ్లిపోయేది. తెరకు అవతలి నుంచి నేను విన్న మాటలు ఇక వేరే.

"భుజాలు అలా జారడమే దీని అందం సార్."

"ఈ రంగు అందరికీ నప్పుతుందమ్మా."

ఆ మాటలు వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. సూది వేలిలో గుచ్చుకునేది. కొన్నవాళ్లు ఆ కోటు చేతులు పొడుగయ్యాయని నా దగ్గరకు తెచ్చేవాళ్లు. ఎన్ని చేతులు కత్తిరించానో ఆ చలికాలం. అక్క చెప్తే కొన్నామండీ అనేవాళ్లు ఒక్కొక్కరూ, ఎంతో నమ్మకంగా.

ఒకనాడు బ్యాంకు మేడమ్ వచ్చింది. జోనల్ ఆఫీసులో పెద్ద మీటింగట, పైవాళ్లంతా వస్తున్నారట, ఈసారి తనకు పై పోస్టు రావచ్చునట. ఆ మాట చెప్తూ చిన్నపిల్లలా సంబరపడింది. అక్క చెయ్యి అలవాటుగా బూడిద రంగు కోట్ల వైపు వెళ్లింది. అప్పుడే ఇన్‌చార్జి తన గది తలుపు తీసుకుని బయటికొచ్చి నిలబడింది. అక్క చెయ్యి మళ్లి ఆవపిండి రంగు మీద పడింది.

ఆవిడ వేసుకుంది. అద్దంలో అటూ ఇటూ తిరిగింది. భారీ మనిషి, ఆ కోటులో ఇంకా రెండింతలైంది. ఆవిడకూ అనుమానం వచ్చింది.

"నిజం చెప్పు. ఇది నాకు బాగుందా?"

"బాగుంది" అంది అక్క.

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అని ఆవిడ ఆ కోటు విప్పకుండానే, పాతది సంచిలో వేయించుకుని వెళ్లిపోయింది. ఆవిడ అటు మెట్లు దిగగానే అక్క నా గదిలోకి వచ్చి గోడకు ఆనుకుంది. ఏడవలేదు. నా భుజం పట్టుకుని, "లే, నాతో రా. ఆ సెంట్ల పిల్లతో చెప్పేస్తాను. నేనేం చేశానో చెప్పేసి, కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఈ పాపం ఇక నేను మోయలేను" అంది. నేను లేచాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే లేచాను, మా అక్క మళ్లీ మా అక్క అవుతుందని.

ఇన్‌చార్జి గదిలో ఆ పిల్ల ఏదో రాసుకుంటోంది. "కూర్చో అక్కా" అంది.

"కూర్చోను. నీకొక మాట చెప్పాలి. ఆ రోజు ఆ కోటు నీకు నప్పుతుందని వేయించలేదు. నువ్వు నవ్వులపాలు కావాలని వేయించాను. నువ్వు నమ్మి వస్తే నిన్ను ముంచాలని చూశాను."

ఆ పిల్ల కలం పక్కన పెట్టింది.

"తెలుసక్కా" అంది.

అక్కకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"మా ఇంట్లోనూ అద్దం ఉంది కదా. ఇంటికెళ్లి వేసుకుని చూసుకున్నాను. ఏడ్చినట్టుంది. మా అమ్మయితే, ఎవరే నీ మీద ఇంత పగబట్టింది అనడిగింది. విప్పి పారేద్దామనుకున్నాను. కానీ చిన్న యజమాని రోజూ పొద్దున్నే నా కౌంటరు దగ్గర ఆగి సెంటు రాయించుకుని వెళ్లేవాడు కదా. కిందటి చలికాలమంతా ఈ కోట్ల గురించే ఏడ్చేవాడు. ఎవరెవరు నవ్వారో ఆయనకు పేరుపేరునా గుర్తుందక్కా. అందరికంటే ముందు నీ పేరే చెప్పేవాడు. నువ్వు ఆ రోజు బంగారం తొడుక్కుని వెళ్లినా నీకు ఇచ్చేవాడు కాదు."

అక్క బల్ల అంచు పట్టుకుంది. "మరి అందరి ముందూ నా పేరు ఎందుకు చెప్పావు?" అంది.

"నేను చెప్తే ఆ కోటు ఎవరు కొంటారు? నువ్వు చెప్తే కొంటారు. నీ పేరు చెప్పేశాక నువ్వు కాదనలేవు. గోదాము ఖాళీ అయింది, చూశావు కదా." గొంతు తగ్గించి, నిజంగానే ఆప్యాయంగా అంది. "నీ మీద నాకు కోపం లేదక్కా. నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం తిడదామన్నా ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. క్షమించమని అడగడానికి వెళ్లిన మనిషికి, క్షమించడానికి అక్కడ ఏమీ లేదని చెప్పి పంపడం కంటే పెద్ద శిక్ష ఉంటుందా? అక్క నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. అంతస్తు మీద ఎవరో ఇద్దరు మగవాళ్లు ఎదురుచూస్తున్నారు. వాళ్ల దగ్గరకు వెళ్లి, చలికాలానికి ఏం చూపించమంటారు సార్ అని అడిగింది.

బ్యాంకు మేడమ్ ఆ తరవాత మా దుకాణానికి రాలేదు. పై పోస్టు వచ్చిందో రాలేదో తెలియదు. రాకపోతే కోటు వల్లే రాలేదని నేననను, అంత వెర్రిదాన్ని కాదు. కానీ అక్క మాత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే ఇప్పటికీ ఒకసారి అటు చూస్తుంది.

ఇప్పుడు ఎండలు మొదలయ్యాయి. కిటికీలో బొమ్మలకు ఇంకేవో వేశారు. ఆవపిండి రంగు ఎక్కడా లేదు. ఇకనైనా అక్క పాత అక్కలా ఉండొచ్చు, ఎవరూ అడ్డం రావడం లేదు. అయినా ఎవరు ఏం వేసుకుని వచ్చి నిలబడినా బాగుంది సార్, బాగుందమ్మా అంటుంది. అంతస్తు మీద నవ్వులు లేవు, వాదనలు లేవు. అమ్మకాలు మాత్రం పెరిగాయట. నిక్కచ్చి మేడమ్ అని వెనకాల పిలవడం కూడా మానేశారు.

నిన్న పొద్దున పనికి బయలుదేరేటప్పుడు కావాలనే చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నాను. ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి. కాలరు సగం లోపలికి మడిచేశాను. నా చిన్నప్పుడు జడ వంకరగా ఉంటే బడి గుమ్మం దగ్గర నుంచి వెనక్కి తీసుకొచ్చి మళ్లీ వేసిన మనిషి మా అక్క. గుమ్మంలో ఎదురుగా నిలబడి, "అక్కా, ఎలా ఉన్నానే?" అని అడిగాను.

అక్క తాళంచెవి వెతుక్కుంటోంది. తల ఎత్తి చూసింది. నా కాలరు, నా బొత్తాలు, అన్నీ చూసింది. చూసిందని నాకు తెలుసు.

"బాగుంది, పద" అంది.